గ్రాఫిక్స్ కార్డు వేడెక్కిపోతోందా? ఫ్యాన్ స్పీడు మీ చేతుల్లోకి తెచ్చుకోవడం ఎలా

"గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకే కార్డు 84 డిగ్రీలు చూపిస్తోంది, ఫ్యాన్ ఎంతలో పెట్టాలి?" అని అడిగేవాళ్లకి ఒక అంకె చెప్పి పంపేయడం కుదరదు. ఒకే చిప్ ఉన్న రెండు కార్డులైనా సరే, వాటి హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు రేకులు) వేరు, ఫ్యాన్లు వేరు, అవి కూర్చున్న క్యాబినెట్ వేరు. ఒకదానికి 55 శాతం సరిపోతే ఇంకోదానికి 75 పెట్టినా చాలదు. ఎవరో పెట్టిన ఫ్యాన్ కర్వ్ (ఎంత వేడికి ఫ్యాన్ ఎంత తిరగాలో చెప్పే గీత) స్క్రీన్‌షాట్ చూసి చుక్కలన్నీ అలాగే దింపుకునే బదులు, ఓ గంటన్నర కూర్చుని మీ కార్డునే అడగండి. ఎలా అడగాలో కింద వరసగా ఉంది.

ముందు ఇది చూసుకోండి: అసలు సమస్య ఉందా?

గేమ్ ఆడేటప్పుడు కార్డు 65 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే కంగారు అక్కర్లేదు. ఎన్విడియా కార్డుల్లో చాలావాటికి 83 డిగ్రీల దగ్గర ఒక గీత ఉంటుంది. అది దాటకుండా కార్డు తనంతట తానే క్లాక్ (చిప్ పనిచేసే వేగం) తగ్గించుకుంటూ వస్తుంది. అసలు గరిష్ఠ హద్దు ఈమధ్య తరాల్లో మోడల్‌ని బట్టి సుమారు 85 నుంచి 93 దాకా ఉంటుంది.

ఏఎండీ వాళ్లు ఇక్కడే ఎక్కువ బెంబేలెత్తిపోతారు. ఆ కార్డులు రెండు అంకెలు చూపిస్తాయి. ఒకటి మామూలు టెంపరేచర్, రెండోది హాట్‌స్పాట్, అంటే చిప్ మీద అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు. కొన్ని టూల్స్ దాన్నే జంక్షన్ అంటాయి. ఈ రెండో అంకెకి హద్దు 110 డిగ్రీలు. కాబట్టి హాట్‌స్పాట్ 92 చూపించినంత మాత్రాన కార్డు కాలిపోతున్నట్టు కాదు. ఏ అంకె చూస్తున్నారో తెలుసుకోకుండా భయపడొద్దు, ధీమాగానూ ఉండొద్దు.

వేడి వల్ల నిజంగా స్పీడు పడిపోతోందా లేదా అన్నది ఎన్విడియా కార్డుల్లో తేలిగ్గా తెలుస్తుంది. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో సెన్సర్స్ ట్యాబ్‌కి వెళ్తే "పర్ఫ్‌క్యాప్ రీజన్" అనే వరస ఉంటుంది. గేమ్ నడుస్తుండగా అందులో "థర్మ్" అని వస్తుంటే వేడి వల్లే తగ్గుతోందన్నమాట. "పీడబ్ల్యూఆర్" అని వస్తే పవర్ హద్దు తగిలింది, అది మామూలే. "విరెల్" వచ్చినా వేడితో సంబంధం లేదు.

కావలసినవి

- ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్. ఫ్యాన్ స్పీడు మార్చే ప్రోగ్రామ్, ఉచితం. కార్డు ఏ కంపెనీదైనా పనిచేస్తుంది. దీని పేరుతో వైరస్ అంటగట్టే నకిలీ సైట్లు ఉన్నాయి, సెర్చ్‌లో పైన కనబడే ప్రకటనల లింకులు నొక్కకుండా ఎంఎస్‌ఐ అధికారిక సైట్‌కి నేరుగా వెళ్లి దించుకోండి.
- జీపీయూ-జెడ్ లేదా హెచ్‌డబ్ల్యూఇన్ఫో. హాట్‌స్పాట్, మెమరీ టెంపరేచర్ చూడటానికి.
- కార్డుకి పని పెట్టడానికి మీరు రోజూ ఆడే బరువైన గేమ్. లేదా యూనిజిన్ సూపర్‌పొజిషన్ లాంటి బెంచ్‌మార్క్ (కార్డు సత్తా కొలిచే ప్రోగ్రామ్).
- గది టెంపరేచర్ చూపే చిన్న థర్మామీటర్.
- మెత్తని బ్రష్, గాలి ఊదే బ్లోయర్.
- కాగితం, పెన్ను. ఇది నిజంగానే కావాలి.

ల్యాప్‌టాప్ అయితే ఈ పద్ధతి కుదరదు. వాటిలో ఫ్యాన్లు బోర్డు మీదున్న వేరే కంట్రోలర్ చేతిలో ఉంటాయి, ఆఫ్టర్‌బర్నర్‌లో ఫ్యాన్ స్లైడర్ కదలనే కదలదు. తయారీదారు ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో టర్బో, పెర్ఫార్మెన్స్ లాంటి మోడ్ ఉంటే అదే వాడుకోవాలి.

1. దుమ్ము దులపండి

హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము పేరుకుపోయి ఉంటే ఫ్యాన్ ఎంత తిప్పినా మోతే తప్ప గాలి వెళ్లదు. కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, పక్క పలక తీసి బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో కదలకుండా పట్టుకోవాలి. గాలి దెబ్బకి అది హద్దు మీరి తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ఇంట్లో ఊడ్చే వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం లోపల పెట్టొద్దు, స్టాటిక్ కరెంటు పుట్టి పార్టులు పోయే ప్రమాదం ఉంది. పనిలో పనిగా ఏదైనా కేబుల్ ఫ్యాన్ రెక్కలకి రాసుకుంటోందేమో చూడండి.

2. ఇప్పుడున్న పరిస్థితి రాసుకోండి

ఏమీ మార్చకముందు, ఫ్యాన్ ఆటోలోనే ఉంచి గేమ్ 20 నిమిషాలు నడపండి. గేమ్‌లో ఒకే చోట నిలబడితే మంచిది. జనం, చెట్లు, నీళ్లు ఎక్కువగా ఉన్న చోటు చూసుకుని సేవ్ చేసుకోండి, ప్రతి పరీక్షా అక్కడే చేయాలి. మెనూ తెరిచి వదిలేస్తే లోడు పడిపోతుంది, ఆ కొలత దేనికీ పనికిరాదు. జీపీయూ (కార్డులోని అసలు చిప్) వాడకం 95 శాతం పైనే ఉందని చూసుకోండి. ఫ్రేములకి (సెకనుకి గీసే బొమ్మలకి) హద్దు పెట్టి ఆడే అలవాటుంటే మాత్రం వాడకం అంతకన్నా తక్కువున్నా ఆ హద్దు అలాగే ఉంచండి, రోజూ మీ కార్డు మీద పడే బరువు అదే కదా.

రాసుకోవాల్సినవి: గది టెంపరేచర్, కార్డు టెంపరేచర్, హాట్‌స్పాట్, మెమరీ టెంపరేచర్ కనిపిస్తే అది, ఫ్యాన్ శాతం, ఫ్యాన్ ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు), క్లాక్. గది టెంపరేచర్ రాయకుండా తీసుకున్న కొలతని రేపటి కొలతతో పోల్చలేం. గది ఐదు డిగ్రీలు వేడెక్కితే, ఫ్యాన్ స్పీడు మారకపోతే, కార్డు కూడా ఇంచుమించు ఐదు డిగ్రీలు వేడెక్కుతుంది.

3. మీ చెవి ఎక్కడిదాకా ఓర్చుకుంటుందో చూడండి

గేమ్ మూసేయండి. ఆఫ్టర్‌బర్నర్ తెరిచి ఫ్యాన్ స్పీడ్ పక్కనున్న ఆటో బటన్ తీసేయండి. స్లైడర్ 30కి జరిపి అప్లై గుర్తు నొక్కండి. పావు నిమిషం విని 40, 50, 60 అలా వందదాకా వెళ్లండి. మామూలుగా కూర్చునే చోటే కూర్చుని వినాలి, క్యాబినెట్‌లోకి తల పెట్టి కాదు.

రెండు సంగతులు రాసుకోవాలి. ఇక భరించలేం అనిపించిన శాతం ఎంత? మధ్యలో ఎక్కడైనా 'గుయ్' మని ఊళ పెడుతోందా? కొన్ని కార్డుల్లో ఫలానా స్పీడు దగ్గర మాత్రమే కవచమో, రేకులో అదురుతాయి. 47 దగ్గర ఊళ ఉండి 52 దగ్గర పోతుంటే, మీ కర్వ్ 47 దగ్గర నిలవకుండా చూసుకోవాలి.

మోత ఫ్యాన్ స్పీడుతో సమానంగా పెరగదు, అంతకన్నా వేగంగా పెరుగుతుంది. ఆర్‌పీఎం పది శాతం పెరిగితే సుమారు 2 డెసిబెల్స్, రెట్టింపైతే సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతాయి. గాలి మాత్రం స్పీడు పెరిగినంతే పెరుగుతుంది. పైకి వెళ్లేకొద్దీ బేరం గిట్టుబాటు కాదన్నమాట.

4. కార్డుని అడగండి

అసలు పని ఇదే. చాలామంది వదిలేసేదీ ఇదే.

గేమ్‌లో సేవ్ చేసుకున్న చోటికి వెళ్లండి. ఫ్యాన్ 80 శాతానికి కట్టేసి ఎనిమిది పది నిమిషాలు వదిలేయండి. టెంపరేచర్ మూడు నిమిషాలపాటు ఒక డిగ్రీకి మించి కదలకపోతే స్థిరపడినట్టే, ఆ అంకె రాసుకోండి. తర్వాత 70, 60, 50, 40. పైనుంచి కిందికే రండి, కింది నుంచి మొదలుపెడితే మొదటి కొలతలోనే కార్డు హద్దు తాకవచ్చు. ఎక్కడైనా 85 దాటితే ఆ స్పీడు మీ కార్డుకి చాలదని రాసుకుని అక్కడితో ఆపేయండి.

ఉదాహరణకి ఒక కార్డు మీద ఇలా వచ్చిందనుకుందాం:

- 40 శాతం: 83 డిగ్రీలు
- 50 శాతం: 77
- 60 శాతం: 73
- 70 శాతం: 71
- 80 శాతం: 70

దీన్ని కాసేపు చూడండి. 40 నుంచి 50కి వెళ్తే ఆరు డిగ్రీలు తగ్గాయి. 50 నుంచి 60కి నాలుగు. అక్కడినుంచి పది శాతం పెంచితే రెండు, ఆపైన ఒక్కటే. 60 దాటాక మోత తప్ప చల్లదనం రావడం లేదు. ఈ కార్డుకి 60 మలుపు. మీ పట్టికలోనూ ఇలాంటి మలుపు ఒకటి ఉంటుంది. అది మీ చెవి ఒప్పుకున్న శాతం కన్నా తక్కువలో ఉంటే అదృష్టమే. ఎక్కువలో ఉంటే చెవి చెప్పిన శాతమే పెట్టుకుని, రెండు మూడు డిగ్రీలు ఎక్కువ భరించండి, కార్డుకేమీ కాదు.

80 శాతం దగ్గర కూడా 80 డిగ్రీలకి దిగకపోతే ఇక కర్వ్ గీయడం దండగ. నేరుగా కింద "ఫ్యాన్‌తో తగ్గని వేడి" అన్న భాగానికి వెళ్లిపోండి.

5. కర్వ్ గీయండి

ఆఫ్టర్‌బర్నర్‌లో గేర్ గుర్తు నొక్కి సెట్టింగ్స్‌లో "ఫ్యాన్" ట్యాబ్‌కి వెళ్లండి. "ఎనేబుల్ యూజర్ డిఫైన్డ్ సాఫ్ట్‌వేర్ ఆటోమేటిక్ ఫ్యాన్ కంట్రోల్" అన్న గడిలో టిక్ పెట్టండి. కింద గ్రాఫ్ వస్తుంది. అడ్డంగా టెంపరేచర్, నిలువుగా ఫ్యాన్ శాతం. చుక్కల్ని మౌస్‌తో లాగొచ్చు, గీత మీద నొక్కితే కొత్త చుక్క వస్తుంది.

పై పట్టిక వచ్చిన కార్డుకి చుక్కలు ఇలా పెట్టొచ్చు:

- 50 డిగ్రీల దాకా 30 శాతం
- 60 డిగ్రీలకి 40
- 73 డిగ్రీలకి 60
- 80 డిగ్రీలకి 75
- 88 డిగ్రీలకి 100

మధ్య చుక్క ఊరికే పెట్టింది కాదు. 60 శాతం తిరిగితే ఈ కార్డు 73 దగ్గర స్థిరపడుతుందని కొలిచాం, అందుకే 73కి 60 అని రాశాం. మీ పట్టికలోని మలుపుని అంకె మార్చకుండా కర్వ్‌లో చుక్కగా పెడితే కార్డు వెళ్లి అక్కడే ఆగుతుంది. మలుపు దగ్గర 73 వచ్చినవాళ్లు కర్వ్‌లో 65కే 60 శాతం అని పెట్టుకుని, "65 దగ్గర ఆగడం లేదేంటి" అంటుంటారు. ఆగదు. 60 శాతం గాలితో ఆ కార్డు 65కి దిగలేదని పట్టిక ముందే చెప్పింది.

పై రెండు చుక్కలు ఎండాకాలం కోసం. గది ఆరు డిగ్రీలు వేడెక్కిందనుకోండి. ఫ్యాన్ 60లోనే కట్టేసి ఉంటే కార్డు 79కి పోయేది. ఈ కర్వ్‌తో అయితే ఫ్యాన్ దాదాపు 69 శాతానికి లేచి, కార్డు 77 దగ్గర ఆగుతుంది. ఆరు పెరగాల్సింది నాలుగే పెరిగింది.

చుక్కల మధ్య ఏటవాలు ఎంతుందో కూడా చూసుకోండి. పై కర్వ్‌లో 60, 73 డిగ్రీల మధ్య డిగ్రీకి ఒకటిన్నర శాతం మాత్రమే పెరుగుతోంది. ఒక్క డిగ్రీకి పది శాతం ఎగబాకేలా గోడలా నిలబెడితే ఫ్యాన్ లేస్తుంది, చల్లబడుతుంది, పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. గట్టిగా ఒకే స్థాయిలో వచ్చే మోత కన్నా ఈ ఎగుడుదిగుడు మోతే చిరాకు పుట్టిస్తుంది. గీత మెట్లు మెట్లుగా కనిపిస్తుంటే గ్రాఫ్ మీద రెండుసార్లు నొక్కండి, వాలుగా మారుతుంది.

చివరి చుక్క మాత్రం ఎప్పుడూ 100 శాతమే. కార్డు గరిష్ఠ హద్దుకన్నా కొన్ని డిగ్రీల ముందే అది రావాలి. మీ కార్డు హద్దు 85 అయితే ఆ చుక్కని 82కి జరపండి. ఏదో ఒకరోజు ఒక ఫ్యాన్ ఆగిపోయినా, వెనక గోడకి ఆనుకుని గాలి ఆడకపోయినా కాపాడేది అదే.

6. ఫ్యాన్ ఊగిసలాడకుండా చూడండి

అదే ట్యాబ్‌లో "టెంపరేచర్ హిస్టరిసిస్" అని ఉంటుంది. అక్కడ 3 లేదా 4 పెట్టండి. 4 పెడితే, వేడెక్కినప్పుడు ఫ్యాన్ వెంటనే లేస్తుంది కానీ, నాలుగు డిగ్రీలు చల్లబడేదాకా కిందికి దిగదు. 10 పెడితే గేమ్ మూసేశాక కూడా చాలాసేపు మోగుతూనే ఉంటుంది.

"ఫ్యాన్ స్పీడ్ అప్‌డేట్ పీరియడ్" మామూలుగా 5000 మిల్లీసెకన్లు, అంటే ఐదు సెకన్లకి ఒకసారి. 2000 లేదా 3000 చేస్తే సరిపోతుంది. మరీ తగ్గిస్తే టెంపరేచర్ కొంచెం తుళ్లినా ఫ్యాన్ పరుగెత్తుతుంది.

ఖాళీగా ఉన్నప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగే కార్డులు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఆ సౌకర్యం పోగొట్టుకోవద్దనుకుంటే కర్వ్ మొదటి భాగం సున్నాలో పెట్టి, "ఓవర్‌రైడ్ జీరో ఫ్యాన్ స్పీడ్ విత్ హార్డ్‌వేర్ కర్వ్" టిక్ చేయండి. సున్నా వచ్చినప్పుడు ఫ్యాన్‌ని కార్డుకే అప్పగించేస్తుంది. ఎన్విడియా కొత్త కార్డుల్లో చాలావాటికి సున్నాకి, సుమారు 30 శాతానికి మధ్యలో స్పీడు ఉండదు. అలాంటి కార్డులో మీరు 15 పెట్టినా 30లోనే తిరుగుతుంది.

వీడియో చూస్తున్నప్పుడు ఫ్యాన్లు నిమిషానికోసారి మొదలై ఆగుతుంటే, అవి తిరగడం మొదలుపెట్టే టెంపరేచర్ దగ్గరే మీ కార్డు నిలబడుతోందన్నమాట. అలాంటప్పుడు సున్నా మానేసి ఎప్పుడూ 30లో తిరగనివ్వండి. నిరంతరం వచ్చే ఆ సన్నటి శబ్దం పది నిమిషాల్లో చెవికి అలవాటైపోతుంది.

7. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా అమలయ్యేలా

ఆఫ్టర్‌బర్నర్ నడుస్తుంటేనే మీ కర్వ్ పనిచేస్తుంది. జనరల్ ట్యాబ్‌లో "స్టార్ట్ విత్ విండోస్", "స్టార్ట్ మినిమైజ్డ్" రెండూ టిక్ చేయండి. తర్వాత మెయిన్ విండోలో ఆటో బటన్, దాని పక్కనున్న యూజర్ డిఫైన్ బటన్ వెలుగుతున్నాయో లేదో చూసి అప్లై నొక్కండి.

దాన్ని టాస్క్ మేనేజర్‌లో ఎండ్ టాస్క్ కొట్టి ఆపొద్దు. మామూలుగా మూస్తే ఫ్యాన్‌ని తిరిగి కార్డుకి అప్పగించి వెళ్తుంది. మెడ పట్టి ఆపితే ఫ్యాన్ ఆఖరున ఉన్న స్పీడు దగ్గరే బిగుసుకుపోవచ్చు. ఖాళీగా 30లో ఉన్నప్పుడు అలా జరిగి, ఆ తర్వాత గేమ్ తెరిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

8. ఫలితం సరిచూసుకోండి

రెండో మెట్టులో చేసిన పరీక్షే మళ్లీ చేయండి. అదే గేమ్, అదే చోటు, అదే 20 నిమిషాలు, వీలైతే గది టెంపరేచర్ కూడా దాదాపు అంతే ఉన్నప్పుడు. ఆఫ్టర్‌బర్నర్‌లోని గ్రాఫులు చూడండి:

- చివరి పది నిమిషాల్లో టెంపరేచర్ గీత బల్లపరుపుగా ఉండాలి, రెండు డిగ్రీల లోపు కదలిక ఫరవాలేదు.
- ఫ్యాన్ గీత రంపపు పళ్లలా ఉండకూడదు. ఉంటే ఐదో మెట్టుకి వెళ్లి వాలు తగ్గించండి.
- టెంపరేచర్ మీ మలుపు చుక్కకి రెండు మూడు డిగ్రీల దూరంలోనే ఆగాలి.
- శాతంతో పాటు ఆర్‌పీఎం కూడా చూడండి. శాతం అంటే మీరిచ్చిన ఆజ్ఞ, ఆర్‌పీఎం అంటే నిజంగా తిరుగుతున్న లెక్క. 60 శాతం అని ఉండి ఆర్‌పీఎం సున్నా అయితే ఆ ఫ్యాన్ చచ్చిపోయింది, లేదా కనెక్టర్ ఊడింది.

తర్వాత కంప్యూటర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేసి, ఒకసారి స్లీప్‌లో పెట్టి లేపి, కర్వ్ ఇంకా అమల్లో ఉందో లేదో చూడండి. స్లీప్ నుంచి లేచాక ఫ్యాన్ మాట వినకపోతే ఆఫ్టర్‌బర్నర్ మూసి తెరిస్తే చాలు.

మెమరీ సంగతి మర్చిపోవద్దు

ఇది విడిగా చెప్పుకోవాల్సిన విషయం. ఆఫ్టర్‌బర్నర్ కర్వ్ ఒక్క జీపీయూ కోర్ టెంపరేచర్‌నే (ఇప్పటిదాకా కార్డు టెంపరేచర్ అన్నది దాన్నే) చూస్తుంది. కోర్ 65 దగ్గర చల్లగా కూర్చుని ఉండగా మెమరీ చిప్‌లు 104 దగ్గర ఉడుకుతుండొచ్చు. జీడీడీఆర్6ఎక్స్ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3080, 3090 లాంటి కార్డుల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఆ మెమరీ 110 దగ్గర స్పీడు తగ్గించుకుంటుంది. కంపెనీ ఇచ్చిన ఆటో కర్వ్ మెమరీని కూడా గమనించి ఫ్యాన్ పెంచుతూ ఉండొచ్చు. మీరు "మోత ఎక్కువైంది" అని దాన్ని పక్కకి నెట్టి నెమ్మదైన కర్వ్ పెడితే ఆ కాపలా పోతుంది.

అందుకే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో "మెమరీ జంక్షన్ టెంపరేచర్" కనిపించే కార్డయితే, కర్వ్ పెట్టాక అది 100 దాటకుండా చూసుకోండి. దాటుతుంటే కోర్ టెంపరేచర్‌తో సంబంధం లేకుండా కర్వ్ మొత్తాన్ని ఐదు పది శాతం పైకి జరపండి.

వేరే దారులు

ఏఎండీ కార్డు ఉన్నవాళ్లకి ఆఫ్టర్‌బర్నర్ అవసరమే లేదు. అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో ట్యూనింగ్, అక్కడ కస్టమ్ ఎంచుకుని ఫ్యాన్ ట్యూనింగ్ ఆన్ చేస్తే "జీరో ఆర్‌పీఎం" మీట, లోపల కర్వ్ కనిపిస్తాయి. మార్చాక పైనున్న అప్లై చేంజెస్ నొక్కాలి. కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోయినా, డ్రైవర్ కూలినా అడ్రినలిన్ మీ ట్యూనింగ్ తీసేసి మొదటికి తెచ్చేస్తుంది. అందుకే కర్వ్‌ని ప్రొఫైల్‌గా సేవ్ చేసి పెట్టుకోండి.

ఫ్యాన్‌కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇంకో మంచి దారి. ఇందులో కోర్, హాట్‌స్పాట్, మెమరీ మూడింట్లో ఏది ఎక్కువుంటే దాన్ని బట్టి ఫ్యాన్ తిప్పమనొచ్చు, పైన చెప్పిన మెమరీ చిక్కు దీంతో తీరుతుంది. క్యాబినెట్ ఫ్యాన్లని కూడా గ్రాఫిక్స్ కార్డు టెంపరేచర్‌కి ముడిపెట్టొచ్చు. మదర్‌బోర్డు సాధారణంగా వాటిని ప్రాసెసర్ వేడి చూసి తిప్పుతుంది. గేమ్‌లో ఉడికేదేమో గ్రాఫిక్స్ కార్డు. దాంతో కార్డు అల్లాడుతుంటే క్యాబినెట్ ఫ్యాన్లు తీరిగ్గా తిరుగుతుంటాయి. ఈ ఒక్క ముడి వేస్తేనే నాలుగైదు డిగ్రీలు తగ్గే క్యాబినెట్లు ఉంటాయి.

లినక్స్‌లో ఎల్‌ఏసీటీ, కూలర్‌కంట్రోల్ అనే ప్రోగ్రాములు రెండింటిలోనూ కర్వ్ గీసుకునే కిటికీ ఉంది. ఎల్‌ఏసీటీలో ఏఎండీ కార్డు అయితే ముందు ఓవర్‌క్లాకింగ్ అనుమతి ఆన్ చేసి రీబూట్ చేయాల్సి రావచ్చు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

రెండు సాఫ్ట్‌వేర్లు ఒకేసారి నడపడం. ఆఫ్టర్‌బర్నర్, అడ్రినలిన్, కార్డు కంపెనీ ఇచ్చిన లైట్ల సాఫ్ట్‌వేర్ మూడూ ఫ్యాన్‌ని తలో దిక్కుకి లాగుతాయి. ఫ్యాన్ అర్థంపర్థం లేకుండా లేచి పడుతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఒకటి ఉంచుకుని మిగతావాటిలో ఫ్యాన్ విభాగం ఆపేయండి.

ఎప్పుడూ 100లో పెట్టేయడం. పై పట్టికలోనే చూశారుగా, చివర్లో దక్కేది ఒకటో రెండో డిగ్రీలు. దానికి బదులు బేరింగ్ త్వరగా అరుగుతుంది, దుమ్మూ ఎక్కువ లాగుతుంది.

కార్డుని విపరీతంగా కష్టపెట్టే ఫర్‌మార్క్ అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో కొలిచి కర్వ్ గీయడం. మామూలుగా ఏ గేమూ పెట్టని బరువు అది పెడుతుంది. దాన్ని బట్టి గీసుకుంటే గేమ్‌లో అక్కర్లేని మోత భరించాలి. కర్వ్ అంతా అయ్యాక, మరీ ఘోరమైన పరిస్థితిలో ఏమవుతుందో చూడాలనిపిస్తే ఐదు నిమిషాలు నడపండి, చాలు.

రెండు ఫ్యాన్ కంట్రోలర్లు ఉన్న కార్డులో ఒకదాన్నే మార్చడం. ఫ్యాన్ స్లైడర్ పక్కన గొలుసు గుర్తు ఉంటే అది కలిపి ఉందో లేదో చూడండి.

కార్డు బయోస్‌ని (కార్డు లోపలే ఉండే మూల సాఫ్ట్‌వేర్‌ని) మార్చి ఫ్యాన్ సరిచేద్దామనుకోవడం. సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పనికి కార్డునే పణంగా పెట్టొద్దు.

ఫ్యాన్‌తో తగ్గని వేడి

ఫ్యాన్ 80లో ఉన్నా కార్డు 80 డిగ్రీలు దాటుతుంటే తప్పు వేరేచోట ఉంది. మొదట క్యాబినెట్ పక్క పలక తీసి అదే పరీక్ష చేయండి. ఐదు డిగ్రీలో అంతకన్నా ఎక్కువో తగ్గితే కార్డు బాగానే ఉంది, క్యాబినెట్‌కే ఊపిరాడటం లేదు. ముందు ఒక ఫ్యాన్ గాలి లోపలికి లాగేలా, వెనక ఒకటి బయటికి తోసేలా ఉందో లేదో చూడండి. ఫ్యాన్ తిరగేసి బిగించడం కూడా అరుదేమీ కాదు, సన్నని కాగితం ముక్క దగ్గర పెడితే గాలి ఎటు పోతోందో తెలిసిపోతుంది.

పలక తీసినా తేడా లేకపోతే కోర్‌కి, హాట్‌స్పాట్‌కి మధ్య ఎంత తేడా ఉందో చూడండి. పది పదిహేను డిగ్రీలైతే మామూలే. పాతిక దాటితే థర్మల్ పేస్ట్ ఎండిపోయిందో, హీట్‌సింక్ సరిగ్గా ఆనడం లేదో అనుకోవాలి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డుల్లో హాట్‌స్పాట్ కనబడకపోవచ్చు, ఆ సెన్సర్ కోసం వెతుక్కోకండి. కొత్తగా కొన్నప్పటి టెంపరేచర్లు రాసి ఉంచుకుంటే వాటితోనే పోల్చుకోవచ్చు. కార్డు విప్పి పేస్ట్ మార్చాలంటే ముందు వారంటీ షరతులు చదవండి. వారంటీలో ఉన్న కార్డుని విప్పకుండా సర్వీసుకి పంపడమే తెలివైన పని.

ఇవేవీ వెంటనే కుదరకపోతే ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ని 100 నుంచి 85కి దింపి చూడండి. వేడి, మోత రెండూ కనిపించేంత తగ్గుతాయి, ఫ్రేములు మాత్రం చాలా కార్డుల్లో కొద్ది శాతమే పడిపోతాయి. మీ మానిటర్ 60 హెర్ట్జ్ దయితే ఫ్రేములకి 60 దగ్గర హద్దు పెట్టండి. తెర మీద కనిపించని ఫ్రేముల కోసం కార్డు చెమటోడ్చడం ఎందుకు?

ఆ పట్టిక రాసిన కాగితం మాత్రం పారేయొద్దు. ఆరు నెలలకోసారి, అదే గేమ్‌లో అదే చోట, మలుపు శాతం ఒక్కదాని దగ్గర మళ్లీ కొలవండి. గది టెంపరేచర్ తేడా తీసేశాక కూడా నాలుగు డిగ్రీలు పెరిగి ఉంటే బ్రష్, బ్లోయర్ బయటికి తీయండి. దులిపాక కూడా దిగకపోతే హాట్‌స్పాట్ తేడా చూడండి.